ఏసోబు గారి విశ్వాస పరుగు

ఏసోబు గారు పరుగును గురించి పంతొమ్మిది సంవత్సరాలుగా ప్రసంగిస్తున్నారు. పరుగెత్తడం మాత్రం ఆయన జీవితంలో ఒక్కసారే జరిగింది. అదీ రజాకార్ల రోజుల్లో. ఆ అనుభవాన్ని ఆయన ఏ ప్రసంగంలోనూ వాడుకోలేదు.

నకిరేకల్‌కు నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఎర్రగట్టు సంఘానికి ఆయన ఉపదేశి. ఉపదేశి అంటే ఆదివారం ఆరాధన నడిపించాలి, తక్కిన దినాల్లో మిషన్ బడిలో పిల్లలకు ఎక్కాలు చెప్పాలి, జ్వరం వచ్చినవాళ్ళ మంచం పక్కన ప్రార్థన చేయాలి. అయితే బాప్తిస్మం ఇవ్వడానికి గాని, ప్రభు సంస్కారపు రొట్టె విరవడానికి గాని అతనికి అధికారం ఉండదు. ఆ అధికారం గురుపట్టా పొందిన పాస్టర్లది. గురుపట్టా వస్తే పేరుకు ముందు రెవరెండ్ అన్న మాట వస్తుంది. తెల్లని పొడుగు అంగీ వస్తుంది. పదకొండు పల్లెల సంఘాల మీద పెద్దరికం వస్తుంది. ఆ పదకొండు పల్లెలూ తిరగడానికి మిషన్ వారి సవారి కచ్చురం, అంటే గూడు కట్టిన ప్రయాణపు బండి, జత ఎద్దులతో సహా వస్తుంది. ఏసోబు గారు వీటన్నింటినీ దైవచిత్తానికి వదిలివేశారు. వదిలివేసి, దైవం మరచిపోతుందేమోనన్న జాగ్రత్త చొప్పున ఏటా జనవరిలో ఒక దరఖాస్తు పంపుతూ వచ్చారు.

ఆయనకు మెట్రిక్ వరకు ఇంగ్లీషు చదువుంది. ఆ చదువంతా ఒకే ఒక ప్రసంగంలో పోగుపడింది. క్రైస్తవ విశ్వాసమనేది ఒక పరుగు పందెమని అపొస్తలుడు తన పత్రికల్లో చేసిన పోలిక ఆయనకు ఎంతగా నచ్చిందంటే, అది తనకంటే ముందు మరొకరికి తట్టినందుకు లోలోపల కొంత నొచ్చుకునేవారు కూడా. ఆ పోలికను ఆయన పదకొండు భాగాలుగా విభజించారు. పరుగెత్తేవాడు బరువు దించుకోవాలి, వెనుదిరిగి చూడరాదు, సొంత కండలను నమ్మక దేవుని మీద ఆనుకోవాలి... ఇలా ఏడవ భాగానికి వచ్చేసరికి, పొద్దంతా నాగలి వెనుక నడిచి వచ్చిన ఎర్రగట్టు విశ్వాసులు గోడలకు ఆనుకొని ఉండేవారు. వారి దైవభక్తికి అంతకంటే నిదర్శనం ఆయనకు అక్కరలేదు.

1961 డిసెంబరులో నల్లగొండ నుంచి ఒక కాగితం వచ్చింది. సంఘాల సమాఖ్యకు కొత్తగా అధ్యక్షులైన రెవరెండ్ బర్నబాసు గారు గుంటూరు వైపు వారు; బెంగుళూరులో రెండేళ్ళు చదివి, కొత్త ఆలోచనలతో తిరిగి వచ్చారు. కొత్త ఆలోచన కాగితం మీదకు రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఫిబ్రవరిలో జరిగే మహాసభల మొదటి ఉదయం పానగల్ నుంచి నల్లగొండ మిషన్ ఆవరణ వరకు, మూడు మైళ్ళకు కొంచెం తక్కువగా, విశ్వాస పరుగు జరుగుతుంది. ఒక్కొక్క సంఘం ఒక్కొక్క విశ్వాసిని పంపాలి. గెలిచిన సంఘపు ఉపదేశి ఆనాటి ముఖ్య ప్రసంగం చేస్తాడు. అంశం విశ్వాస పరుగు. ఆ మధ్యాహ్నమే గురుపట్టా సంఘం కూర్చుంటుంది. ఈ ఏడు పట్టా ఒక్కరికే.

ఏసోబు గారు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి, భార్య నిర్మలమ్మకు ఒకసారి వినిపించారు.

"ఇది దైవ సంకల్పము. నా అంశమునే వారు నిర్ణయించినారు" అన్నారు. ఆయన భార్యతో కూడా అచ్చు పుస్తకం మాదిరిగానే మాట్లాడేవారు.

నిర్మలమ్మ జొన్నలు చెరుగుతూ తల ఎత్తలేదు. "అంశం సరే. ఉర్కేటోడెవ్వడు? పోరగాండ్లంత సాగర్ డ్యాం కాడ రాళ్ళు మోస్తుండ్రు. ఊర్ల ఉన్నోళ్ళు లేసి నిలవడితే అదే గొప్ప."

"దేవుడే సమకూర్చును."

"గంత నమ్మకముంటె మీరే ఉర్కుండ్రి. పంతొమ్మిదేండ్ల సంది చెప్తనే ఉన్నరు, తొవ్వంత మీకెర్కనేనాయె."

ఏసోబు గారు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. భార్యలు వాదంలో గెలవడం వేరు, సత్యం వేరని ఆయన అభిప్రాయం.

దేవుడు సమకూర్చిన మనిషి పేరు పెద్దులు. యాభై దాటినవాడు, రెండెకరాల చెల్క దున్నుకునేవాడు, ఆరాధనలో చివరి వరుసలో, తలుపు పక్కన కూర్చునేవాడు. పోలీసు చర్యకు ముందు అతడు గడీలో, అంటే ఊరి దొర కోటలాంటి ఇంట్లో, వెట్టివాడు. దొర కచ్చురం బయలుదేరితే దాని ముందు పరుగెత్తడం అతని పని. తొవ్వలో రాళ్ళూ ముళ్ళూ తీసివేయాలి, ఎదురువచ్చేవాళ్ళను కేకలు వేసి పక్కకు జరపాలి, ఎద్దుల వేగం ఎంతైతే తన వేగం అంత ఉండాలి. నల్లగొండకు పద్నాలుగు మైళ్ళు పోవాలి, మళ్ళీ పద్నాలుగు మైళ్ళు రావాలి. కూలి అడగరాదు గనుక దానిని వెట్టి అనేవారు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, ఏసోబు గారికీ తెలుసు. అయినా తన ప్రసంగం విని నిద్రపోతున్నవారిలో ముగ్గురు నలుగురైనా నిజంగా పరుగెత్తి బతికినవాళ్ళున్నారన్న ఆలోచన పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా ఆయన దరికి రాలేదు.

శిక్షణ మరునాటి సాయంత్రమే మొదలైంది. ఏసోబు గారు బడి కుర్చీని చెల్క గట్టు మీద వేయించుకొని, గడియారం చేతబట్టి కూర్చున్నారు. పెద్దులు పరుగెత్తాడు. తప్పిపోయిన దూడను వెదికేవాడైనా అంతకంటే తొందరగా వెళ్తాడు.

"పెద్దులూ! ఇదియా నీ పరుగు?"

"గంతే వస్తాందయ్యా."

"నీ బలమును నమ్ముకొనుచున్నావు, అదియే దోషము. దేవుని మీద ఆనుకొనుము."

పెద్దులు నిలబడి నిజాయితీగా ఆలోచించాడు. "ఆనుకుంటె ఉర్కుడెట్లయ్యా? ఆనుకుంటె నిలవడుడే గద."

"అది ఆత్మీయముగా ఆనుకొనుట!"

"గట్లనా" అని పెద్దులు మళ్ళీ వెళ్ళాడు. ఆత్మీయంగా ఆనుకున్నాక అతని వేగం ఇంకొంచెం తగ్గింది.

ఇలా వారం గడిచింది. ఎనిమిదవ నాడు ఏసోబు గారు కుర్చీ దిగి, గౌరవాన్ని కొంత పక్కకు పెట్టి అడిగారు. "నాడు నకిరేకల్ గుట్ట దాటేదాక ఎద్దులకు అందకుండ ఉరికినవట. ఆ కాళ్ళు ఏమైనవి?"

పెద్దులు తన కాళ్ళను మరొకరివన్నట్లు చూసుకున్నాడు. "కాళ్ళు గవేనయ్యా. ఎనుక గంటల సప్పుడు లేదు, గంతనే. గంటలు ఇనవడుతాంటె ఎద్దుల కొమ్ములు ఈపుల దిగుతయేమోనని ఉర్కుతుంటిమి. ఇప్పుడు ఎనుకెవ్వలు లేరాయె, ఎందుకుర్కాలె? మనసుకు నిమ్మలముంది."

ఏ పాస్టరైనా ఈ మాట విని ఉంటే మోకరించి ఉండేవాడు. పంతొమ్మిదేళ్ళ ప్రసంగాలకు ఒక మనిషి మనసులో ఇంతటి ఫలితం కనిపించడం అరుదు. ఏసోబు గారికి మాత్రం ఆ మాటలో గంటలు ఒక్కటే వినిపించాయి.

ఆయన మనస్సాక్షి ఏదో చెప్పబోయింది. అయితే ఆయన దానికి కూడా ఉపదేశం చేయగల సమర్థులు. కార్యం దేవునిది, సాధనం ఏదైతేనేమి? మూడు మైళ్ళ శబ్దం, తర్వాత యావజ్జీవితం సేవ. తూకం వేసి చూస్తే లాభం దేవునికే.

నకిరేకల్‌లో పల్లికాయ వ్యాపారం చేసే వెంకటయ్య వద్ద ఒక సవారి కచ్చురం కిరాయికి దొరికింది. పందెం ముందురోజు దాని బండివాడు కృష్ణయ్య ఎర్రగట్టుకు తోలుకొని వచ్చాడు. ఎద్దుల మెడల్లో ఇత్తడి గంటలు, ఒక్కొక్క మెడకు తొమ్మిదేసి.

"పాత గంటలయ్యా. గడీల సామానంత అమ్మంగ మా సేటు కొన్నడు" అన్నాడు కృష్ణయ్య గర్వంగా. "గిసొంటి మోత ఇయ్యాల ఏడ దొరుకది."

పెద్దులు అక్కడే ఉన్నాడు. గంటల దగ్గరికి వెళ్ళలేదు, తాకలేదు. తలకు చుట్టిన రుమాలు విప్పి నడుముకు బిగించుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే బండికి ముందు పది అడుగుల దూరంలో వెళ్ళి నిలబడ్డాడు.

నిర్మలమ్మ వాకిట్లోంచి చూసింది. "ఏమయ్యా, గిదేం పని? ఆయనను జూడుండ్రి, మనిషి మొకమేనా గది?"

"అతడు సిద్ధపడుచున్నాడు" అన్నారు ఏసోబు గారు.

"ఇడిపిచ్చుకొచ్చిన కుక్కకు మల్ల గొలుసు సూపెట్టినట్టున్నది నాకు. దేవుని పందెంల దొర గంటలా?"

"స్త్రీలు సంఘములో..." అని ఏసోబు గారు మొదలుపెట్టారు. నిర్మలమ్మ చేట పట్టుకొని లోపలికి వెళ్ళిపోయింది. ఆ వాక్యం ఎలా ముగుస్తుందో ఆమెకు పెళ్ళైన నాటి నుంచి తెలుసు.

పానగల్‌లో మరునాటి ఉదయం తొమ్మిదిమంది పరుగెత్తేవాళ్ళు నిలబడ్డారు. అందరిలోకి దేవరకొండ సంఘం తరఫున వచ్చిన మల్లన్న పడుచువాడు, పొడుగు కాళ్ళవాడు. అతని పక్కన పెద్దులు వాళ్ళ తాత మాదిరిగా కనిపించాడు. సంఘపు పెద్దలు సైకిళ్ళ మీద గాని బండ్ల మీద గాని వెంట రావచ్చునని నియమం. ఎనిమిదిమంది ఉపదేశులు సైకిళ్ళ మీద వచ్చారు. ఏసోబు గారు కచ్చురంలో, దిండుకు ఆనుకొని, ఒడిలో ప్రసంగపు కాగితాలతో కూర్చున్నారు. దేవుని మీద ఆనుకోవడానికి ముందు చేసే అభ్యాసం కావచ్చు.

జెండా ఊపారు. గంటలు మోగాయి.

పెద్దులు పరుగెత్తిన తీరును చూసినవాళ్ళు తర్వాత చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. మెడ ముందుకు వంచి, మోచేతులు పక్కలకు అదిమి, పాదాలు నేలకు ఆనీ ఆననట్లు పోయాడు. అర మైలు దాటేసరికి మల్లన్న వెనుకబడ్డాడు. ఏసోబు గారికి ఆనందంతో కళ్ళు చెమర్చాయి. "స్తోత్రము! తోలుము కృష్ణయ్యా, తోలుము! గంటలు గట్టిగా మ్రోగవలెను!"

అంతలో తొవ్వలో ముందు గడ్డిమోపులతో నల్లగొండ అంగడికి పోతున్న ఆడవాళ్ళు కనిపించారు. పెద్దులు గొంతులోంచి, అతనికే తెలియకుండా, పాత కేక బయటికి వచ్చింది.

"తప్పుకోండ్రి! పక్కకు తప్పుకోండ్రి! దొర బండొస్తాంది!"

ఆడవాళ్ళు ఉలికిపడి తొవ్వ దిగారు. ఒక ముసలామె మోపు కింద పడేసి రెండు చేతులూ జోడించి వంగింది. ఏసోబు గారు కొంచెం ఇబ్బంది పడ్డారు. ఇది సరికాదని కేక వేద్దామనుకున్నారు. అయితే పరుగెత్తేవాడి ధ్యానం చెదరగొట్టరాదన్నది ఆయన ప్రసంగంలోని నాలుగవ భాగం. రెండవ మైలులో పొలం గట్టు మీద ఇద్దరు ముసలివాళ్ళు తలపాగాలు తీసి నిలబడితే ఆయన ఉత్తరీయం సవరించుకున్నారు. మూడవ మైలు మొదలయ్యేసరికి, కుడివైపు వంగినవాళ్ళకు కుడివైపు, ఎడమవైపు వంగినవాళ్ళకు ఎడమవైపు, మెల్లగా తల ఆడిస్తున్నారు. అది ఆశీర్వాదమని ఆయన అనుకున్నారు. కృష్ణయ్య మాత్రం వెనుదిరిగి చూసి మీసాల్లో నవ్వుకున్నాడు.

మిషన్ ఆవరణ ద్వారానికి మామిడాకుల తోరణం కట్టి, దాని కింద ఎర్ర కాగితపు పట్టీ ఒకటి అడ్డంగా పట్టుకున్నారు. లోపల అధ్యక్షులు బర్నబాసు గారు, ఆయన వెనుక తెల్లచీరల పాటల బృందం. పట్టీ తెగిన మరుక్షణం విజయగీతం ఎత్తుకోవాలని వారికి ఆజ్ఞ.

పెద్దులు ద్వారం వైపు తిరిగాడు. మల్లన్న నూరు గజాల వెనుక ఉన్నాడు. ఏసోబు గారు కచ్చురంలో లేచి నిలబడి, ప్రసంగం మొదటి వాక్యాన్ని నోట్లో సిద్ధం చేసుకుంటున్నారు.

తోరణానికి రెండు అడుగుల దూరంలో పెద్దులు ఆగాడు. నడుముకున్న రుమాలు విప్పి చంకలో పెట్టుకున్నాడు. ఎడమ పక్కకు తప్పుకొని, తల వంచి, చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"పో! లోపటికి పోరా!" అని ఏసోబు గారు అరిచారు. మెట్రిక్ ఆ ఒక్క కేకతో ఎగిరిపోయింది.

దొరలు కూడా అలాగే అరిచేవారు. పెద్దులు ఇంకొంచెం వంగాడు.

కృష్ణయ్య పగ్గాలు గుంజేలోపే ఎద్దులు తోరణం కిందికి దూరాయి. మామిడాకులు చూసిన ఎద్దును ఆపడం ఏ సమాఖ్యకూ సాధ్యం కాదు. ఎర్ర పట్టీ ఎడమ ఎద్దు కొమ్ముకు చిక్కి పట్టుమని తెగింది. పాటల బృందం ఆజ్ఞ పాలించింది. నలభైమంది గొంతెత్తి విజయగీతం పాడుతుండగా ఏసోబు గారు కచ్చురంలో నిలబడి, ఒక చేత్తో గూటిని, మరొక చేత్తో ప్రసంగాన్ని పట్టుకొని, విశ్వాసపు గమ్యాన్ని చేరుకున్నారు. ఎద్దులు బాప్తిస్మం పొందినవి కానందున బహుమతి వాటికి ఇవ్వలేదు. మల్లన్న రొప్పుతూ పరుగెత్తి వచ్చి మొదటివాడయ్యాడు. మిగతా ఏడుగురూ వచ్చిపోయే వరకు పెద్దులు అక్కడే నిలబడి ఉన్నాడు. బండి లోపలికి పోయాక వెట్టివాడు ఎవరైనా పిలిచేదాకా గడపలోనే ఉండాలి.

పొద్దుటి బస్సుకు సభలకు వచ్చి ఉన్న నిర్మలమ్మే అతని చెయ్యి పట్టుకొని లోపలికి తెచ్చింది. "రా అన్నా, గిది గడీ కాదు. గీడ గంజి కూడ పోస్తుండ్రు."

ముఖ్య ప్రసంగం దేవరకొండ ఉపదేశి చేశాడు. అతనికి పరుగును గురించి ఏమీ తెలియదు. కాబట్టి పావుగంటలో ముగించాడు. అందరూ మెచ్చుకున్నారు.

మధ్యాహ్నం మిషన్ బడిలో గురుపట్టా సంఘం కూర్చుంది. బల్ల వెనుక అధ్యక్షులు, నలుగురు పెద్దలు. ఎదుట ఏసోబు గారు. పంతొమ్మిదేళ్ళ సేవను వారు విస్మరించలేదు. వేదపరిజ్ఞానం చూశారు, నడవడిక చూశారు. మిగిలింది నియమావళిలోని చివరి అంశం: అభ్యర్థి సంఘానికి చెందిన విశ్వాసి ఒకరు లేచి, ఇతడు మాకు కాపరిగా తగినవాడేనని చెప్పాలి. భార్య సాక్ష్యం చెల్లదని నియమావళిలో స్పష్టంగా ఉంది. దానిని రాసినవారందరూ పెళ్ళైనవారేనని దీనివల్ల తెలుస్తుంది. ఎర్రగట్టు నుంచి మహాసభలకు వచ్చింది ముగ్గురు. ఏసోబు గారు, నిర్మలమ్మ, పెద్దులు.

పెద్దులును పిలిచారు. అతడు గుమ్మం దగ్గర ఆగాడు.

"పెద్దులు గారూ, రండి, కూర్చోండి" అన్నారు అధ్యక్షులు.

ఆ గారు ఎవరా అని పెద్దులు వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేకపోయేసరికి లోపలికి వచ్చి బెంచీ కొసన కూర్చున్నాడు.

"పొద్దున్న గెలిచే పందెం వదిలేశారు. ద్వారం దగ్గర ఎందుకు ఆగిపోయారండీ?"

"బండి ఎనుకనుండంగ నేనెట్ల జొరవడుదునయ్యా? దర్వాజ కాడ బండి ముందుగాల పోవాలె. మా బాపు ఒక్కపారి మర్సిపోయి దొరకంటె ముందుగాల కాలు లోపట వెట్టిండు. గా కాలు మీదనే కొట్టిండ్రు. సచ్చేదాంక కుంటుకుంటనే తిరిగిండు."

అధ్యక్షులు ముందున్న కాగితాలను పక్కకు జరిపారు. "అయితే ఇక్కడ దొర లేడు కదండీ."

"నాకెర్కనే. తలకాయకెర్క. కాళ్ళకెర్కలే."

"బండిలో ఎవరున్నారు?"

"ఉపదేశయ్య."

"ఆ గంటలు... అవి గడీ గంటలని ఎవరో అన్నారు. కట్టించింది ఎవరు?"

పెద్దులు నేల చూపులు చూశాడు. అతడు గడీలో ముప్పై ఏళ్ళు ఉన్నవాడు. ఎవరు చేసిన తప్పుకు ఎవరి పేరు చెప్పకూడదో అక్కడ బాగా నేర్చుకున్నాడు. "ఎద్దులకు గంటలుండయా అయ్యా" అన్నాడు చివరికి.

ఏసోబు గారికి తప్పించుకునే తొవ్వ అక్కడ తెరిచి ఉంది. నోరు మూసుకొని కూర్చుంటే చాలు. పెద్దులు ఇంకెంత అడిగినా చెప్పడు. అది ఆయనకు స్పష్టంగా తెలిసింది. తన సంఘంలో తన కోసం అబద్ధమాడే మనిషి ఒకడున్నాడని తెలిసి సంతోషించవలసిన ఆయనకు ఆ సంతోషం రాలేదు. తాను ఉదయం కుడివైపుకూ ఎడమవైపుకూ తల ఆడించిన సంగతి గుర్తుకొచ్చింది. మోపు పడేసి వంగిన ముసలామె గుర్తుకొచ్చింది.

"నేనే కట్టిచ్చిన" అన్నారు.

పెద్దలందరూ ఆయన వైపు తిరిగారు. పంతొమ్మిదేళ్ళలో ఆయన నోట వాక్యం అంత పొట్టిగా రావడం వారెవరూ వినలేదు.

"గంటలు లేకుంటె ఉర్కనన్నడు. ఎనుక భయం లేదు, మనసుకు నిమ్మలముందన్నడు. నాకు పట్టా గావాలె. గందుకని నేనే భయం కిరాయికి దెచ్చిన."

అధ్యక్షులు కలం మూత పెట్టి, మళ్ళీ తీశారు. "పెద్దులు గారూ, మీరు విన్నారు. ఇప్పుడు నియమం ప్రకారం అడగాలి. ఈయన మీకు కాపరిగా తగినవారేనా? మీ ఇష్టం, నిర్భయంగా చెప్పండి."

ఏసోబు గారు కళ్ళు మూసుకున్నారు. తన ప్రసంగాలన్నింటిలో చెప్పిన పని, అంటే సొంత బలం మీద ఆశ వదులుకోవడం, ఆయనకు మొదటిసారి చేతనైంది. దానికి పదకొండు భాగాలు లేవు.

పెద్దులు బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు.

"నన్ను నీళ్ళల్ల ముంచి బాప్తిస్మమిచ్చిన పెద్దయ్య ఉండె, సచ్చిపోయిండు. ఆయనను నేనడిగిన. గీ దేవునికి బండున్నదా అని. లేదు, కాలినడకనే తిరిగిండన్నడు. ఒక్కపారి గాడిదెక్కిండట, గది గూడ అడుక్కొచ్చిందేనట. మరి నాకు దమ్మొచ్చి నేను కూసుంటె ఏం జేస్తడని అడిగిన. నీ పక్కపొంటి కూసుంటడన్నడు. గట్లయితె సరే, ముంచు అన్న." అతడు ఏసోబు గారి వైపు చూశాడు. "గీ అయ్య తప్పు ఒప్పుకున్నడు. గడీల ఒక్కడంటె ఒక్కడు గట్ల ఒప్పుకోంగ నేను సూడలే. ఇయ్యుండ్రి, పట్టా ఇయ్యుండ్రి. గాని బండి ఇయ్యకుండ్రి."

గుమ్మం బయట నిర్మలమ్మ నవ్వు వినిపించకుండా చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

తీర్మానం ఇంగ్లీషులో రాశారు. ఎర్రగట్టు ఉపదేశి ఏసోబు గారికి గురుపట్టా ఇవ్వడానికి సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది. సవారి కచ్చురాన్ని ఆయన త్యాగబుద్ధితో, స్వచ్ఛందంగా, మూడేళ్ళపాటు వదులుకున్నందుకు సంఘం తన కృతజ్ఞతలను తెలియజేసింది. ఆ త్యాగాన్ని గురించి ఏసోబు గారికి తీర్మానం చదివి వినిపించినప్పుడు తెలిసింది.

ఏప్రిల్‌లో రెవరెండ్ ఏసోబు గారు తన మొదటి పర్యటన మొదలుపెట్టారు. తెల్లని అంగీని మూట కట్టి చంకలో పెట్టుకున్నారు. దానిని తొడుక్కొని నడిస్తే మడమలకు తట్టుకుంటుందని మొదటి మైలులోనే తెలిసింది. వెంట పెద్దులు రొట్టెల డబ్బా పట్టుకొని వచ్చాడు. మూడవ పల్లెకు పోయే తొవ్వలో, పది గంటల ఎండకే నేల కాలిపోతుండగా, ఏసోబు గారు ఒక బండరాయి మీద కూలబడ్డారు. ఆరాధన వేళ దాటిపోతోంది.

"పెద్దులూ, నువ్వు ముందుగాల ఉర్కి, అయ్య వస్తున్నడని వాళ్ళకు చెప్పు."

"ఉర్కనయ్యా."

"ఏం?"

"ముందు ఉర్కుడు బంజేసిన." పెద్దులు డబ్బా కింద పెట్టి, రుమాలు పరిచి, ఆయన పక్కన కూర్చున్నాడు. "నిమ్మలంగ పోదాం. ఆళ్ళేడికి పోతరు."

రెవరెండ్ గారికి కోపం వచ్చింది. కోపగించుకోవడానికి ఊపిరి చాలక కొంతసేపు ఆగవలసి వచ్చింది. ఊపిరి వచ్చేసరికి కోపం ఏ విషయం మీదనో సరిగా జ్ఞాపకం లేదు. పెద్దులు సొరకాయ బుర్రలోని నీళ్ళు అందించాడు. ఇద్దరూ తాగారు.

ఆనాడు వారు చేరుకునేసరికి ఆ పల్లె సంఘం రెండు పాటలు పాడి, మూడవది కూడా ముగించి, ఉన్న వార్తలన్నీ మాట్లాడుకుంటూ కూర్చుంది. ప్రసంగం ఆరు నిమిషాలు సాగింది. దమ్ము అంతవరకే ఉంది. పరుగు ప్రస్తావన రాలేదు. ఆరాధన అయ్యాక సంఘపెద్ద సైదమ్మ కొత్త పాస్టరును గురించి పెద్దులు చెవిలో తన అభిప్రాయం చెప్పింది. ఆమె చెవిలో చెప్పే మాట పక్క వాడకు వినిపిస్తుంది.

"మీ అయ్య మంచోడే ఉన్నడు. జల్ది ఇడిసిపెట్టిండు. గా పాతాయన లెక్క కాదు, ఉర్కుడు ఉర్కుడని పానం తీస్తుండెనట ఎర్రగట్టుల ఒకాయన. ఆయనేడున్నడిప్పుడు?"

పెద్దులు రెవరెండ్ గారి వైపు చూశాడు. ఆయన మడమ మీది పొక్కును పరీక్షగా చూసుకుంటున్నారు.

"తెల్వదక్కా" అన్నాడు పెద్దులు. "జర గోరెచ్చని నీళ్ళుంటె తెస్తవా, అయ్య కాళ్ళు కడుక్కుంటడు."